గడప దాటితే చంపేస్తారు: రాజమౌళి చిన్న సినిమాలు, పెద్ద సినిమాలు

మైకు పనిచేస్తోందా అండీ, వెనక బెంచీల్లో వాళ్ళకి వినపడుతోందా? సరే. ఫ్యాన్ మాత్రం కట్టొద్దు, చప్పుడొస్తే రానీండి, ఈ ఉక్కపోతలో నా మాటలకంటే ఫ్యాన్ ముఖ్యం.

నన్ను పిలిచినాయన ఫోన్లో, సినిమా మీద ఓ గంట మాట్లాడతారా అంటే నేను విమర్శకుణ్ణి కాదు బాబూ, సీడీల షాపు పెట్టుకుని బతికినోణ్ణి అన్నా. అందుకే పిలుస్తున్నాం అన్నాడు. తెనాలిలో మా షాపు 2002 నుంచి ఓ పదేళ్ళ పైన నడిచింది, తర్వాత ఫోన్లొచ్చి సీడీలు పోయాయి, ఇప్పుడక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఆ పదేళ్ళూ నేను సినిమాలు చూసిందానికంటే సినిమాలు చూసే జనాన్ని చూసిందే ఎక్కువ. ఇక్కడున్న కుర్రాళ్ళకి తెలీకపోవచ్చు, అప్పట్లో వీసీడీ అంటే ఒక సినిమాకి రెండో మూడో సీడీలు ఉండేవి. కొంతమంది కస్టమర్లు వచ్చి మొత్తం సినిమా వద్దు అన్నా, ఛత్రపతి మొదటి సగం సీడీలిస్తే చాలు, ఇంటర్వెల్ దాకా చూసుకుంటాం, సగం అద్దె తీసుకో అనేవాళ్ళు. సగం అద్దె ఏంట్రా ఇదేమన్నా పాల ప్యాకెట్టా అని నేను, రోజూ ఇదే గొడవ. (నవ్వులు) కానీ నాకు అక్కడే ఒక లెక్క తెలిసింది, ఏ సినిమాలో జనం ఎక్కడికి మళ్ళీ మళ్ళీ వెళ్తున్నారు అని. సై అయితే వేణుమాధవ్ నల్లబాలు సీను ఏ సీడీలో ఉందో నాకు నిద్రలో లేపినా తెలిసేది, పిల్లలు అదే అడిగేవాళ్ళు.

ఇక విషయం. రాజమౌళి పెద్ద సినిమాలు, అంటే బాహుబలి రెండు భాగాలు, ట్రిపుల్ ఆర్, ఇవి ఆయన ముందు తీసిన చిన్న సినిమాల పక్కన నిలబడతాయా లేదా. ఈ ప్రశ్న అడగ్గానే మనవాళ్ళు రెండు జట్లు అయిపోతారు. ఒక జట్టు ఆస్కార్ వచ్చింది ఇంకేం కావాలి అంటారు. ఇంకో జట్టు పాత రాజమౌళే రాజమౌళి, ఇప్పుడంతా గ్రాఫిక్స్ అంటారు. నాకు రెండు జట్లతోనూ పేచీ ఉంది.

ముందు చిన్న సినిమా అంటే ఏంటో తేల్చుకోవాలి కదా. తొలి సినిమాలన్నీ చిన్నవేం కాదు. 2001లో స్టూడెంట్ నెంబర్ వన్ వచ్చినప్పుడు ఆయన అంతకుముందు శాంతినివాసం సీరియల్ తీసిన కుర్రాడు, సినిమాకి రాఘవేంద్రరావు గారి పర్యవేక్షణ అని టైటిల్లోనే పడేది, అది సరే, చిన్నదే. కానీ 2003లో సింహాద్రి చిన్న సినిమా ఎలా అవుద్ది? అది అప్పటికి మామూలు హిట్టా, మాకు ఆ సీడీ అరిగిపోయింది. 2009లో మగధీర అయితే అప్పటికి తెలుగులో అంత ఖర్చు ఎవరు పెట్టారు. కాబట్టి నేను చిన్నది అనేది బడ్జెట్ చూసి కాదు. కథ జరిగే చోటు చూసి అంటున్నా. ఒక గ్రౌండు, ఒక ఇల్లు, ఒక ఈగ. సై 2004, మర్యాద రామన్న 2010, ఈగ 2012. ఈగలో గ్రాఫిక్స్ తక్కువేం లేవు, దానికి స్పెషల్ ఎఫెక్ట్స్ నేషనల్ అవార్డు కూడా వచ్చింది, తెలుగు ఉత్తమ చిత్రం అవార్డుతో పాటు. అయినా నా లెక్కలో అది చిన్న సినిమానే. ఎందుకో చెప్తా, దానికి ముందు మర్యాద రామన్న దగ్గర కాసేపు కూర్చోవాలి మనం.

మగధీర 2009 జులై 31న రిలీజ్. వంద మందిని ఒక్కడు చంపే సినిమా అది. ఏడాది తిరక్కుండా, 2010 జులైలో అదే డైరెక్టరు సునీల్ ని హీరోగా పెట్టి ఒక సినిమా రిలీజ్ చేశాడు, ఆ హీరో ఒక్కణ్ణి కూడా కొట్టలేడు. మా షాపుకొచ్చే ఆయన ఒకాయన ఇదేంటండీ ఈయనకి మతి పోయిందా అన్నాడు నాతో. పైగా రాజమౌళి సినిమా రాకముందే కథ మొత్తం చెప్పేశాడు. ఇలా ఒకడున్నాడు, వాడు శత్రువు ఇంట్లోకి తెలీకుండా వెళ్తాడు, వాళ్ళకో ఆచారం ఉంది, గడప లోపల రక్తం చిందకూడదు, అతిథిని మర్యాదగా చూడాలి, గడప దాటితే మాత్రం చంపేస్తారు, అని చెప్పి ఇక వచ్చి చూసుకోండి అన్నాడు. ఈగకీ ఇదే చేశాడు, విలన్ హీరోని చంపేస్తాడు, హీరో ఈగై పుట్టి పగ తీర్చుకుంటాడు, ఇదీ కథ అని ముందే.

కథ ముందే చెప్పేసినోడికి ఎంత ధైర్యం ఉండాలో ఆలోచించండి. నా ఉద్దేశంలో అది ధైర్యం కూడా కాదు, లెక్క. ఎందుకంటే ఆ సినిమాల్లో సస్పెన్స్ కథలో లేదు, గడపలో ఉంది. గడప ఎక్కడుందో ప్రేక్షకుడికి తెలిసిపోతే ఇక వాడు ఒక అడుగు ముందుకేస్తే భయం, ఒక అడుగు వెనక్కేస్తే నవ్వు. సునీల్ ఏదో ఒక వంకతో ఇంట్లోనే ఉండిపోవాలని చూస్తుంటాడు, ఆ ఇంటి పెద్దగా వేసిన నాగినీడు గారు అంత మర్యాదగా బయటికి సాగనంపాలని చూస్తుంటారు. ఒక మనిషి ఇంకొకర్ని బాబూ వెళ్ళొస్తావా అని పలకరిస్తే హాల్లో జనం ఊపిరి బిగబట్టుకోవడం నేను అక్కడే చూశా. మన ఇళ్ళల్లో చుట్టాలొచ్చి కదలకపోతే మనం ఎన్ని తిప్పలు పడతాం, అదే కదండీ అది, కాకపోతే ఇక్కడ కత్తులు పట్టుకుని.

మూలం ఎక్కడిది అంటే బస్టర్ కీటన్ 1923లో తీసిన మూకీ సినిమా, అవర్ హాస్పిటాలిటీ అని. దాన్ని చాలామంది తప్పుపట్టే గొంతుతో చెప్తారు, నాకైతే అక్కడ ముచ్చటేస్తుంది, ఎందుకంటే అమెరికాలో పాతకాలం కుటుంబ కక్షల కథని పట్టుకొచ్చి రాయలసీమ ఫ్యాక్షన్ ఇంట్లో పెడితే కుట్టు కనపడకుండా అతుక్కుంది. అంతకుముందు పదేళ్ళు మనవాళ్ళు ఫ్యాక్షన్ అంటే సుమోలు గాల్లోకి లేపడం అనుకున్నారు. ఈయనొచ్చి ఫ్యాక్షన్ అంటే ఒక గుమ్మం అన్నాడు. దాన్ని తర్వాత హిందీ, తమిళం, కన్నడ, మలయాళం, బెంగాలీ, అన్నిట్లోనూ తీసుకున్నారు. గుమ్మం లేని ఊరు ఉండదు కదా.

ఇంకోటి, ఆ సైకిల్. పాత సైకిల్ ఒకటి రవితేజ గొంతుతో మాట్లాడుద్ది ఆ సినిమాలో. సైకిల్ కి కూడా రోషం ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకొస్తా.

ఈగ. వాళ్ళ నాన్న విజయేంద్రప్రసాద్ గారు ఎప్పుడో తొంభైల్లో, ఒక ఈగ మనిషి మీద పగబడితే ఎలా ఉంటుంది అని సరదాగా అన్న మాట అంట. సరదాగా అన్నమాట పదిహేనేళ్ళకి పైగా మనసులో పెట్టుకున్నాడంటే చూడండి. నాని సినిమా మొదలైన కాసేపటికే చచ్చిపోతాడు. ఆ తర్వాత హీరోకి మాట లేదు, బలం లేదు, విలన్ చేత్తో ఒక్కటిస్తే అయిపోద్ది. ఇక్కడ గడప ఏంటి? సైజు. ఈగ సైజే గడప. ఆ ఆవిరి స్నానం సీను గుర్తుందా, విలన్ సుదీప్ పెట్టెలో కూర్చుంటాడు, తల ఒక్కటే బయట, చేతులు లోపల ఇరుక్కుపోయాయి, ఈగొచ్చి మొహం మీద వాల్తుంది. అంతే. ఒక ఆరడుగుల మనిషి, ఒక ఈగ, మధ్యలో ఒక పెట్టె మూత. రాసుకునేవాళ్ళెవరైనా ఇక్కడుంటే మీకు చెప్తున్నా, దీనికి మించిన ఫైట్ సీను రాయడం కష్టం. బలవంతుడికి చేతులు లేకుండా చేసి బలహీనుడికి రెక్కలిచ్చాడు.

సమంత వేసిన పాత్ర మైక్రో ఆర్టిస్టు, అంటే సూక్ష్మ వస్తువులు చెక్కే అమ్మాయి. మొదట చూసినప్పుడు ఇదేదో హీరోయిన్ కి టైంపాస్ హాబీ అనుకున్నా. తర్వాత ఆ అమ్మాయే ఈగకి కళ్ళద్దాలు చేసిపెడుతుంది. ఇక సూది. సరే సూది సంగతి చూడనివాళ్ళ కోసం వదిలేస్తా. (ఎవరో: చూడనివాళ్ళెవరున్నారండి!) ఉంటారు బాబూ, 2012 తర్వాత పుట్టినోళ్ళు కూడా ఉన్నారు ముందు వరసలో.

సై గురించి గబగబా చెప్తా, ఎందుకంటే అది మొత్తం గొప్ప సినిమా అని నేను అనను. కాలేజీ స్థలం భిక్షు యాదవ్ అనే రౌడీ లాగేసుకుంటాడు, కుర్రాళ్ళు రగ్బీ ఆడి గెల్చుకోవాలి. రగ్బీ అంటే ఏంటో మన ఊళ్ళో ఎవడికీ తెలీదు అప్పటికి. అయినా జనానికి ఎక్కింది, ఎందుకని? గీత ఉంది కాబట్టి. బంతి ఆ గీత దాటితే కాలేజీ మనది. రూల్స్ తెలీకపోయినా గీత తెలిస్తే చాలు.

ఇప్పుడు పాత సినిమాల మీద నాకున్న పేచీ కూడా చెప్పాలి, లేకపోతే ఈయన పాతకాలం మనిషి అంటారు. ఆ సినిమాల్లో మళ్ళీ చూడలేనివి బోలెడు ఉన్నాయి. విక్రమార్కుడులో నడుం గిల్లడం ఒక కామెడీ. అప్పుడు మా షాపులో టీవీలో ఆ సీడీ పెడితే అందరం నవ్వాం, నేనూ నవ్వా, ఇప్పుడు మా అమ్మాయి పక్కన కూర్చుని చూస్తే చేతికి రిమోట్ అందలేదు. పాటలొస్తే కథ ఆగిపోవడం, అక్కర్లేని కామెడీ ట్రాకు, తలలు నరుక్కోవడం, హీరోయిన్లకి పాటలకి తప్ప పనుండదు. కాబట్టి పాతదంతా బంగారం అనే జట్టులో నేను లేను. చిన్న సినిమాగా ఉన్నంతమాత్రాన మంచి సినిమా అయిపోదు, గడప ఉన్నది మాత్రమే నిలబడింది, మిగతాది మనం చూసినప్పటి వయసు.

పెద్ద సినిమాలకొద్దాం.

మర్యాద రామన్న తీసిన నిర్మాతలే బాహుబలి తీశారు, ఆర్కా మీడియా, శోభు గారు, ప్రసాద్ గారు. ఇది చాలామందికి గుర్తుండదు. ఒక ఇల్లు, ఒక సైకిల్ తో సినిమా తీసిన కంపెనీ ఐదేళ్ళ తర్వాత మాహిష్మతి కట్టింది. 2015 జులై 10న మొదటి భాగం. నేను గుంటూరెళ్ళి చూశా. జలపాతం చూసి నోరు తెరుచుకున్న మాట నిజం. కానీ ఇంటికొచ్చాక నాకు మిగిలింది జలపాతం కాదు, లింగం ఎత్తే సీను. ఎందుకెత్తాడు చెప్పండి? వాళ్ళమ్మ మొక్కుకుంది, వెయ్యికి పైగా బిందెలు నీళ్ళు మోసి శివుడికి పొయ్యాలి. అమ్మ మొయ్యలేకపోతోంది. కొడుకు వద్దన్నా వినదు, మొక్కు కదా. అప్పుడు వాడేం చేశాడు, బిందె శివుడి దగ్గరకెళ్ళే బదులు శివుణ్ణే నీళ్ళ దగ్గరికి మోసుకెళ్ళాడు. ఎంత పెద్ద షాటో, దాని కారణం ఎంత చిన్నది చూడండి. అమ్మ నడుం నొప్పి. మొక్కు అనేది ఒక గడప, దాన్ని దాటకుండా దాటేశాడు. ఇది మర్యాద రామన్న తీసిన బుర్రే. సందేహమే లేదు.

కట్టప్ప చూడండి. రెండేళ్ళు దేశమంతా అడిగింది కదా ఎందుకు చంపాడు అని. కట్టప్ప గడప ఏంటి? సింహాసనానికి బానిస. ఆ మాట దాటలేడు. మొదటి భాగంలోనే సుదీప్ వచ్చి నీకు విడుదల కావాలా అంటే వద్దంటాడు, అక్కడే గీత గీసేశాడు. అందుకని రెండో భాగంలో శివగామి నువ్వు చంపుతావా నన్ను చంపమంటావా అన్నప్పుడు మనకి ఊపిరి ఆగుద్ది. కోటలు, ఏనుగులు, వేల సైన్యం, ఇవేమీ లేకపోయినా ఆ సీను నడుస్తుంది. ఒక గదిలో ఇద్దరు మనుషులు, అంతే. దేవసేన ఆ సేనాపతి వేళ్ళు నరికిన సీను, దాని తర్వాత సభలో విచారణ, అదీ అంతే. సభ అంటే పెద్ద సెట్టు కావచ్చు గానీ లోపల జరిగేది మన పంచాయితీ, అత్తాకోడళ్ళ పంచాయితీ. 2017లో హాల్లో విజిల్స్ ఎక్కువ పడింది యుద్ధానికి కాదు, అక్కడ.

మరి యుద్ధం? చివర్లో తాటిచెట్లు వంచి వాటి మీద నుంచి సైనికుల్ని కోటలోకి విసురుతారు. నేను థియేటర్లో ఉన్నా, పక్కన ఒక పెద్దాయన మెల్లగా, మరి తాటిచెట్టు అంతలా వంగుద్దా అన్నాడు. అంతే, ఆ ఒక్క మాటతో నాకు సినిమా జారిపోయింది. ఇదే పెద్దాయన ఈగ కళ్ళద్దాలు పెట్టుకుంటే ఒప్పుకున్నాడండి! ఈగ పగ తీర్చుకుంటే నమ్మినోడు తాటిచెట్టు దగ్గర ఎందుకు ఆగిపోయాడు? నేను చాలా రోజులు ఆలోచించా. ఈగకి రూల్ ఉంది, తాటిచెట్టుకి లేదు. ఈగ ఏం చెయ్యగలదు, ఏం చెయ్యలేదు అనేది మనకి సినిమా నేర్పింది. చివరి యుద్ధంలో హీరో ఏం చెయ్యలేడు అనేది ఎవరూ నేర్పలేదు, అన్నీ చేసేస్తాడు. అన్నీ చేసేసేవాడి గురించి భయపడటం కుదరదు.

ట్రిపుల్ ఆర్ లోనూ ఇదే తకరారు. 2022 మార్చి 25. అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్, ఒకరు మన్యం, ఒకరు జోడేఘాట్, ఇద్దరూ చరిత్రలో కలవలేదు, కలిస్తే ఎలా ఉంటుంది అనే ఊహ. మొదటి సగం తీసుకోండి. భీమ్ ని పట్టుకోవడానికి పోలీసుగా ఉన్న రామ్ తిరుగుతుంటాడు, భీమ్ వేరే పేరుతో వాడి పక్కనే ఉంటాడు, ఇద్దరూ ప్రాణస్నేహితులు, ఇద్దరికీ తెలీదు, మనకి తెలుసు. ఇది మళ్ళీ శత్రువు ఇంట్లో అతిథే కదా! ఇల్లు కాస్తా ఢిల్లీ అయింది, అంతే తేడా.

తూటా సంగతి ఒకటి. సినిమా మొదట్లోనే తెల్లదొర అంటాడు, తూటా ఇంగ్లాండ్ నుంచి ఎంత ఖర్చు పెట్టి వస్తుందో తెలుసా, ఈ మనుషుల మీద దాన్ని వేస్ట్ చెయ్యకు అని. అడ్డొచ్చిన గోండు తల్లిని కట్టెతో కొడతారు. ఒక మనిషి ప్రాణం ధర తూటా ధర కంటే తక్కువ అని ఒక్క మాటలో. చివర్లో ఆ లెక్క తిరిగి అప్పజెబుతారు. ఆయన ఎంత పెద్ద సినిమా తీసినా ఇలాంటి చిన్న చిల్లర లెక్కలు జేబులో పెట్టుకునే వస్తాడు, అక్కడ నేను దణ్ణం పెడతా.

నాటు నాటు. కీవ్ లో, యుక్రెయిన్ ప్రెసిడెంటు ప్యాలెస్ ముందు తీశారు, యుద్ధానికి కొన్ని నెలల ముందు. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది, చంద్రబోస్ గారూ కీరవాణి గారూ స్టేజీ ఎక్కారు. ప్రపంచమంతా స్టెప్పు చూసింది. కానీ ఆ పాట లోపల ఉన్నది ఒక పల్లెటూరి ఆట. చివరిదాకా ఎవడు నిలబడితే వాడు గెలిచినట్టు. తెల్లోళ్ళు ఒక్కొక్కళ్ళే పడిపోతారు, మిగిలింది ఇద్దరే, రామ్ ఓపిక ఉండి కూడా కావాలని పడిపోతాడు, ఎందుకు? స్నేహితుడికి ఆ అమ్మాయి ముందు గెలుపు రావాలని. డాన్సుకి కథ ఉందండి. అందుకే ఆ పాట జపాన్ వాడికీ ఎక్కింది, అమెరికా వాడికీ ఎక్కింది, వాళ్ళకి నాటు అంటే ఏంటో తెలిసి కాదు.

ఇక రెండో సగం చివర్లో విల్లు, బాణాలు, అడవి, మంటలు. అందంగా ఉంది. కానీ నేను వాచీ చూసుకున్నా. మూడు గంటల రెండు నిమిషాల సినిమాలో అదొక్కసారే చూసుకున్నా, అది కూడా చెప్పాలి. అక్కడ గీత లేదు. బ్రిటిష్ వాళ్ళు వస్తూ ఉంటారు, పోతూ ఉంటారు.

(ఒక కుర్రాడు లేచి: అంకుల్, అంటే మీ లెక్క ప్రకారం పెద్ద సినిమాలు కూడా చిన్న సీన్ల వల్లే బాగున్నాయి, అంతేనా? అయితే ఇక సమస్య ఏంటి?)

మంచి ప్రశ్న బాబూ. కూర్చో. సమస్య నవ్వు. నేను సైకిల్ ని గుర్తుపెట్టుకోమన్నానా? నల్లబాలుని కూడా? ఇప్పుడు చెప్పు, ట్రిపుల్ ఆర్ లో నల్లబాలు ఎవరు? ఆలోచించు, నీకు దొరకడు. బాహుబలి 2లో కుంతల రాజ్యంలో ఉన్నంతసేపూ మనకి ఆ పాత రాజమౌళి దొరుకుతాడు, ప్రభాస్ అమాయకుడిలా నటిస్తుంటే కట్టప్ప వంతపాడతాడు, సుబ్బరాజు వీరుడిలా ఫోజు కొడతాడు, అక్కడ హాయిగా ఉంటుంది. ఆ తర్వాత నవ్వు మాయం. కథకి పనికిరాని, ఊరికే అలా దార్లో తగిలే మనిషి పెద్ద సినిమాల్లో ఉండడు. సైకిల్ కి గొంతు ఇచ్చే తీరిక ఉండదు.

ఎందుకు ఉండదు అంటే నా షాపు బుర్రకి తోచిన కారణం భాష. నల్లబాలు నవ్విస్తాడు అంటే ఆ యాసలో నవ్విస్తాడు, హైదరాబాద్ గల్లీ యాస. దాన్ని హిందీలోకి డబ్ చెయ్యి, ఏం మిగుల్తుంది, జపాన్ లో సబ్ టైటిల్ వెయ్యి, ఏం మిగుల్తుంది? ట్రిపుల్ ఆర్ బడ్జెట్ అయిదొందల యాభై కోట్లు అని అప్పట్లో అనుకున్నారు. అంత డబ్బు ఒక్క తెలుగు జనం దగ్గర తిరిగి రాదు. కాబట్టి ప్రతి సీనూ అయిదారు భాషలు దాటాలి. దేవుడు, అమ్మ, పగ, స్నేహం, ఇవి ఏ భాషలోకైనా దాటతాయి. యాస దాటదు. ఈగ ఎందుకు దాటిందో ఇప్పుడు అర్థమైందా? హీరోకి మాటలే లేవు! (నవ్వులు, చప్పట్లు) అది ఆయన తెలివితో చేశాడో లేదో నాకు తెలీదు, తెలివే అనుకుంటా.

ఇంకో మాట. 2025 అక్టోబర్ చివర్లో బాహుబలి రెండు భాగాలూ కుదించి ఒకే సినిమాగా మళ్ళీ వదిలారు కదా. అందులో ఎగిరిపోయింది ఏంటి? అవంతికతో ఆ ప్రేమ ట్రాకు, పాటలు. ఆ ట్రాకు మీద 2015లోనే మాటలు పడ్డాయి, అమ్మాయిని అడక్కుండా బొట్టు పెట్టి జడ విప్పడం ఏంటని, పోతే పోయింది, నేనేం ఏడవను. కానీ చూడండి, ఇరుకైనప్పుడు మొదట బయటికి పోయేది ఎప్పుడూ మనుషుల తీరిక సమయమే. యుద్ధానికి కూడా కత్తెర పడింది గానీ యుద్ధాన్ని పూర్తిగా ఎవరూ తీసెయ్యరు, దాని మీద పెట్టిన డబ్బు కనపడాలి కదా.

రెండో సమస్య లెక్కలది. 2001 నుంచి 2012 దాకా ఆయన తీసినవి స్టూడెంట్ నెంబర్ వన్, సింహాద్రి, సై, ఛత్రపతి, విక్రమార్కుడు, యమదొంగ, మగధీర, మర్యాద రామన్న, ఈగ. తొమ్మిది. ఆ తర్వాత పదేళ్ళలో మూడు. ఇప్పుడు మహేష్ బాబుతో వారణాసి, అదీ ఎన్నేళ్ళుగానో నడుస్తోంది. తొమ్మిది తీసేటప్పుడు ఒకటి అటూ ఇటూ అయినా ఫరవాలేదు, ఇంకోటి ఉంది. మూడే తీసేటప్పుడు ఒక్కటీ తప్పకూడదు. తప్పు చెయ్యడానికి చోటు లేని మనిషి కొత్త ఆట ఆడడు కదా. రగ్బీ మీద సినిమా అన్నా, మాట్లాడే సైకిల్ అన్నా, ఈగ అన్నా, తప్పు జరిగినా కొంప మునగదు అనుకున్నప్పుడు పుట్టే ఐడియాలు. ఈగ కూడా చిన్నగా చేద్దాం అని మొదలుపెట్టి పెరిగిపోయిన సినిమానే.

పాతకాలంలో ఒకాయన ఉన్నాడు, కె.వి. రెడ్డి గారు. మాయాబజార్ ఎవరు తీశారో అందరికీ తెలుసు, 1957. దానికి ముందు 1951లో పాతాళభైరవి, మాంత్రికుడూ మాయలూ, అప్పటికి అంతకంటే పెద్ద సినిమా లేదు. మధ్యలో ఆయన ఏం తీశారు? 1954లో పెద్దమనుషులు. ఊళ్ళో పెద్దమనుషులు చేసే దొంగ పనుల మీద సినిమా, మాయా లేదు మంత్రం లేదు, రేలంగి గారి వెర్రివాడి పాత్ర నందామయా అని పాడుకుంటూ ఊరందరి బండారం బయటపెడుతుంది. 1955లో దొంగరాముడు. ఈ రెండూ తీసొచ్చాకే మాయాబజార్. ఇప్పుడు మాయాబజార్ లో మనకేం గుర్తుంది? గదల యుద్ధాలా? లడ్డూలు వాటంతటవే నోట్లోకి వెళ్ళడం, పెళ్ళివారి గోల, శకునిమామ ఎత్తులు, సావిత్రి గారు ఘటోత్కచుడిలా నడవడం. కురుక్షేత్రం ముందున్న జనాన్ని పెళ్ళింట్లో పెట్టాడు ఆయన. పెద్దమనుషులు తీసిన చెయ్యి అక్కడ తెలుస్తుంది నాకు. సోషల్ తీసిన ఇంటికెళ్ళి మళ్ళీ పౌరాణికానికి తిరిగొచ్చేవాడు ఆయన.

రాజమౌళి కూడా ఒకసారి అదే చేశాడు, మగధీర అయ్యాక మర్యాద రామన్న. ఆ తర్వాత ఈగ. ఆ రెండిటి తర్వాతే బాహుబలి వచ్చింది, అందుకే బాహుబలిలో లింగం సీను ఉంది, కట్టప్ప ఉన్నాడు. బాహుబలి తర్వాత మాత్రం ఆ ఇంటికి తిరిగి వెళ్ళలేదు. నన్నడిగితే పోలిక ఇక్కడ పెట్టాలి. పెద్దవి చిన్నవాటితో సమానమా అంటే, సగం సమానం, ఆ సగం చిన్నవాటి దగ్గర అప్పు తెచ్చుకున్నదే. బ్యాంకులో ఉన్నది తీసి వాడుకుంటున్నాడు, 2012 తర్వాత కొత్తగా వేసింది తక్కువ. ఈగని మించింది మాత్రం ఇంకా రాలేదు, ఇది నా మాట, మీరు తిట్టుకున్నా సరే.

(ఒకామె: మీరు చెప్పేది బాగానే ఉందండీ, కానీ ఆయన ఇప్పుడు మళ్ళీ మర్యాద రామన్న తీస్తే మనం చూస్తామా? చిన్న సినిమా అంటే ఓటీటీకి వచ్చాక చూద్దాంలే అంటాం.)

అమ్మా, అక్కడ కొట్టారు దెబ్బ. అంతే అంతే. నేనే, ఇంత మాట్లాడినోణ్ణి, పోయిన నెలలో ఒక చిన్న సినిమా బాగుందంటే ఇంట్లో వస్తుందిలే అని ఊరుకున్నా. అదే వారణాసి వస్తే మొదటిరోజు టికెట్ కోసం మా తమ్ముడి కొడుకుని బతిమాలతా. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఒక్క ముక్క చెప్తా, ఆ రోజుల్లో మర్యాద రామన్న చూడ్డానికి మా ఊళ్ళో జనం వెళ్ళింది సునీల్ కోసం కాదు, మగధీర తీసినాయన ఏం తీశాడో చూద్దామని. పెద్ద సినిమా ఇచ్చిన పేరుని చిన్న సినిమా మీద ఖర్చుపెట్టాడు. ఇప్పుడు ఆయన దగ్గర అంతకి వందరెట్లు పేరుంది.

ఇంకెవరన్నా అడుగుతారా? (ఒక పిల్లాడు: మీ షాపులో సీడీలు ఇంకా ఉన్నాయా?) ఉన్నాయి నాన్నా, ఒక అట్టపెట్టెలో. మూసేసినప్పుడు చాలావరకు కిలోల లెక్కన అమ్మేశా, ఓ నలభై దాచుకున్నా. ప్లేయర్ లేదు, ఉత్తినే. ఈగది ఉంది, సైది ఉంది. మర్యాద రామన్నది మాత్రం రెండో సీడీ ఒక్కటే ఉంది. మొదటిది ఎవరో తీసుకెళ్ళి తిరిగివ్వలేదు, రిజిస్టర్లో పేరు కూడా సరిగ్గా రాయలేదు నేను. ఆయన ఈ హాల్లో ఉంటే తెచ్చిచ్చెయ్యండి. ఫైన్ అడగను.